ఏడు నిమిషాలు తగ్గించమాకండి

ఏడు నిమిషాలంటే చానా టైము. నమ్మకపోతే పొయ్యి మీద పాలు పెట్టి పక్కనే నిలబడి చూడండి. నేను ఇప్పుడు దేనికైనా లెక్కపెడతా. కుక్కర్ పెడితే లెక్క, ఆటో కోసం నిలబడితే లెక్క, ఆఖరికి తల దువ్వుకుంటున్నా లెక్కే. మా ఆయన చూసి, "నీకేమన్నా పట్టిందా ఏంది?" అని నవ్వుతాడు. పట్టింది. అది ఎట్టా పట్టిందో చెప్తా.

నేను పనిచేసే ఆఫీసు నర్సరావుపేటలో, మోటార్లు చుట్టే కొట్టు పైన. కిందనుంచి వార్నిష్ వాసన వస్తా ఉంటది. పైన మేం ఐదుగురం, మా కంప్యూటర్లు. పల్నాడంటే ఎటు చూసినా క్వారీలేగా. రాయి పేల్చేముందు మోగే సైరన్‌నీ, పేల్చే మిషన్‌నీ కలిపి నడిపే పెట్టె ఒకటి మేం తయారుచేస్తాం. దాంట్లో నడిచే ప్రోగ్రాం కూడా మేమే రాస్తాం. అదేం బ్రహ్మవిద్య కాదు. కొండ మీద ఎర్రజెండా లేపుతారు, మీట నొక్కుతారు, సైరన్ మోగిద్ది. అప్పట్నుంచి ఇన్ని నిమిషాలని ఒక లెక్క. అవి అయిందాకా పేల్చే మిషన్ తాళం తెరుచుకోదు. మేస్త్రి ఎన్ని బూతులు తిట్టినా తెరుచుకోదు. ఆ లోపల చుట్టుపక్కల ఉన్న మనుషులు దూరం పోవాల.

ఆ ప్రోగ్రాం మొదట రాసింది మా భాయ్. ఆఫీసులో అందరూ ఆయన్ని భాయ్ అనేవాళ్ళు, నేను మాత్రం అన్నా అనేదాన్ని. వయసు యాభై దాటింది. కుర్రప్పుడు రేడియోలు బాగుచేశాడు. రేడియోలు పొయ్యి టీవీలొస్తే టీవీలు, తర్వాత ఫోన్లొస్తే ఫోన్లు. ఆ తర్వాత పాత పుస్తకాలు ముందేసుకుని ప్రోగ్రాం రాయడం తనంతట తనే నేర్చుకున్నాడు. సర్టిఫికెట్ అంటూ ఒక్కటి లేదు. నేనేమో ఎంసీఏ. ఆయన రాసింది క్వారీలో వానకి తడిసినా, ఎండకి మాడినా ఆగేది కాదు. నేను రాసింది ఫ్యాన్ కిందే ఆగిపోయేది. ఈ మాట ఒప్పుకోడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ప్రోగ్రాం మధ్యలో కామెంట్లని రాస్తారు. మిషన్ వాటిని పట్టించుకోదు, దాటేసి పోయిద్ది. అవి మనుషుల కోసం. ఇది ఎందుకు ఇట్టా రాశాం అని తర్వాత వచ్చేవాళ్ళకి చెప్పుకునే మాటలు. నేను చదివిన చోట, నేను చూసిన ప్రతి చోటా అవి ఇంగ్లీషులోనే ఉండేవి. మా భాయ్ తెలుగులో రాసేవాడు. అది కూడా పుస్తకాల తెలుగు కాదు, కోటప్పకొండ తిరనాళ్ళలో ఒకళ్ళనొకళ్ళు కేకలేసుకునే తెలుగు.

"ఇక్కడ చెయ్యి పెట్టబోయేవాడా, ముందు పొయ్యి టీ తాగిరా." ఇది ఒకటి. "కరెంటు పొయ్యి వచ్చినప్పుడు సైరన్ దానంతటదే ఒకసారి కూస్తది. దడుసుకోమాకండి." ఇంకోటి. "ఈ ముక్క నేను రాసిందే. నాకే నచ్చలా. కానీ పనిచేస్తంది, కెలకమాకండి." చదివితే నవ్వొచ్చేది. నాకు ఒళ్ళు మండేది కూడా.

ఎందుకు మండేదో చెప్పాల. నాది నకరికల్లు, పదో తరగతి దాకా తెలుగు మీడియం. చదువైపోయినాక హైదరాబాదులో ఇంటర్వ్యూకి పోతే, ఎదురుగా కూర్చున్నామె ఇంగ్లీషులో ఏదో అడిగింది. అర్థమైంది. జవాబు కూడా తెలుసు. నోరు పెగల్లేదు. ఆమె జాలిగా చూసి, "తెలుగులో చెప్పండి పర్లేదు" అంది. ఆ పర్లేదు అన్న మాట ఇప్పటికీ మండుద్ది. తిరిగొచ్చి ఈ ఆఫీసులో చేరినాక ఒకటే పట్టుబట్టా. నేను రాసే ప్రతి అక్షరం ఇంగ్లీషులోనే ఉండాల. అట్టాంటిదాన్ని, నా ప్రోగ్రాం పక్కనే ఈయన టీ తాగిరా, దడుసుకోమాక అని రాసి పెడితే ఎట్టా ఉంటది?

"అన్నా, ఎవరన్నా చూస్తే నవ్వుతారు" అన్నా ఒకరోజు.

"నవ్వనీ. చదివితేనే కదమ్మా నవ్వేది."

"ఇంగ్లీషులో రాయొచ్చుగా?"

"క్వారీకి పొయ్యే మన ఎలక్ట్రీషియన్లు లాప్‌టాప్‌లో ఇదే తెరిచి చూస్తారు. వాళ్ళు తెలుగు చదువుతారు. రాసేది వాళ్ళకి గానీ నీకూ నాకూ కాదు."

"తెలుగే ఎందుకు మరి, మీ ఇంట్లో ఉర్దూ కదా, ఉర్దూలో రాయి" అన్నా పొగరుగా.

ఆయన పగలబడి నవ్వాడు. "ఉర్దూలో రాస్తే మా ఆవిడ ఒక్కతే చదువుద్ది. నేను పెట్టే తప్పులకి తన్నుద్ది కూడా." నవ్వాపి అద్దాలు తుడుచుకుంటా అన్నాడు: "ఏం చెయ్యాల అనేది మిషన్‌కి చెప్పాంగా, అది చేస్తది. ఎందుకు చెయ్యాల అనేది దానికి అక్కర్లా. అది మనుషులకే కావాల. ఏ భాషలో అన్నా రాయమ్మా, ఆ ఎందుకు మాత్రం వదలమాక." నేను సరేలే అని కుర్చీ తిప్పుకున్నా.

ఒక శుక్రవారం నమాజుకి పోయొస్తానని బండి తాళాలు తీసుకుని మెట్లు దిగినాయన మళ్ళీ ఎక్కలా. దారిలోనే గుండె ఆగిందంట. మానిటర్ పక్కన ఆయన టీ గ్లాసు అట్టాగే ఉంది, అడుగున కాస్త మిగిలి. దాన్ని కడగడానికి వారం రోజులు ఎవరికీ చెయ్యి రాలా. చివరికి నేనే కడిగా.

తర్వాత కొన్నాళ్ళకి హైదరాబాదు నుంచి ఒక పెద్ద కంపెనీ మా పెట్టెనీ, ప్రోగ్రాంనీ కొంటానని వచ్చింది. మాకు ఉద్యోగాలు ఉంటాయి, జీతాలు పెరుగుతాయి. ఓనరు మొహం వెలిగిపోయింది. వాళ్ళు పెట్టిన షరతుల్లో ఒకటి, కామెంట్లన్నీ ఇంగ్లీషులో ఉండాల. "అమ్మాయ్, భాయ్ రాసిన ఆ పురాణమంతా నువ్వే ఇంగ్లీషు చెయ్యి. నువ్వైతే బాగా రాస్తావు" అన్నాడు ఓనరు. ఎంత పొంగిపోయానో. సిగ్గులేకుండా చెప్తున్నా, పొంగిపోయా.

మూడు వారాలు కూర్చుని చేశా. పగటిపూటే, అందరి మధ్యలోనే. అయినా ఏదో గుబులు. కామెంటు తెరిస్తే ఆయన గొంతే. తెలుగు అట్టాంటిది, రాసినవాడు పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటది. "ఇక్కడ చెయ్యి పెట్టబోయేవాడా" అంటే ఒకసారి నిజంగానే వెనక్కి తిరిగి చూశా. ఖాళీ కుర్చీ. ఒక్కోటి చెరిపి దాని చోట ఇంగ్లీషు పెడుతుంటే, ఆయన్ని ఒక్కో మెట్టూ దింపి బయటికి పంపుతున్నట్టు ఉండేది. ఆ బాధ పోవాలంటే ఒకటే మార్గం, తొందరగా చెయ్యడం. పేర్లూ, కబుర్లూ, జోకులూ తీసేస్తా పొయ్యా. పది లైన్లుంటే ఒక లైను చేశా.

బెల్లంకొండ వైపు ఒక కంకర క్వారీ ఉంది. దాని ఫైలు తెరిస్తే, నిమిషాల లెక్క దగ్గర ఆయన ఇట్టా రాసుంచాడు.

"ఈ ఏడు నిమిషాలు తగ్గించమాకండి. కింద పాత గుంతలో మేకలు మేపే పెద్దామెకి చెవుడు. సైరన్ వినపడదు. జెండా చూసి లేస్తది. వాచీ పెట్టుకుని ఆమె వెంట నేను నడిచా. జెండా చూసిన కాడ్నుంచి వాగు దాటి పెద్ద బండ చాటుకి పోడానికి ఆరు నిమిషాల పైన పట్టింది. మేకలు మొరాయిస్తే ఇంకాస్త. అక్కడ మేపొద్దని చెప్పొచ్చుగా అంటారా? చెప్పా. ఇంకెక్కడ మేపమంటావు అంది. అందుకని ఏడు."

చదివా. మొత్తం చదివా. చదవలేదని అబద్ధం చెప్పడానికి కూడా లేదు. చెరిపేసి దాని చోట మూడు ఇంగ్లీషు ముక్కలు రాశా. వాటి అర్థం, జాగ్రత్త కోసం ఆగడం, అంతే. పాత గుంత పోయింది, వాగు పోయింది, మేకలు పోయినయ్యి, ఆమె పోయింది. చూడ్డానికి మాత్రం చానా శుభ్రంగా ఉంది.

తర్వాతి వారం పొద్దున పదకొండింటికి వీడియోలో మీటింగు. హైదరాబాదు కంపెనీలో ప్రోగ్రాం తనిఖీ చేసే అతను, నాకంటే చిన్నవాడే, మర్యాదస్తుడు, అంతా ఇంగ్లీషే. ఒక్కో క్వారీ లెక్క చూస్తా వచ్చి ఇక్కడ ఆగాడు. మిగతా చోట్ల మూడు నిమిషాలుంటే ఇక్కడ ఏడు ఎందుకు అని అడిగాడు.

నాకు తెలుసు. తల్లో మొత్తం ఉంది, చెవుడు, మేకలు, వాగు, వాచీ. వాటిని ఇంగ్లీషులో పేర్చడం మొదలుపెట్టా. మేకలు మొరాయించడాన్ని ఏమంటారో తట్టలా. పక్కన ఓనరు. స్క్రీన్ మీద నలుగురు నావైపే చూస్తున్నారు. ఇంత పెద్ద మీటింగులో మేకల ముసలమ్మ కథ చెప్తే ఏమనుకుంటారు? పర్లేదు, తెలుగులో చెప్పండి అంటారేమో. "లెగసీ, సార్" అన్నా. ఎప్పుడో పెట్టింది, అట్టాగే వస్తంది అని దాని అర్థం.

అతను తలూపాడు. అయితే అన్నిటితో పాటు మూడు పెట్టేద్దాం అన్నాడు. పెట్టింది నేనే. ఏడు చెరిపి మూడు కొట్టా. ఒక్క మీట. ఇంటికొచ్చినాక కాస్త గుచ్చుకుంది. ఈ రోజుల్లో మేకలు ఎవరు మేపుతున్నారులే, ఆమె ఉందో పోయిందో, అయినా క్వారీ కాపలావాళ్ళు చూసుకోరా, అనుకుని పడుకున్నా. ఏం మనిషినో.

మూడు నెలలకి కొత్త ప్రోగ్రాం ఆ సైటులో ఎక్కింది. ఇంకో రెండు వారాలకి, ఆఫీసుకి వచ్చి బ్యాగు కూడా దించకముందే మా ఎలక్ట్రీషియన్ ఫోను. "అక్కా, బెల్లంకొండ సైటులో టైములు ఏమన్నా మార్చారా?" ఏమైందని అడిగా. "పది రోజుల కింద పేల్చినప్పుడు రాయి ఎగిరొచ్చి మేకలామె కాలు మీద పడిందంట. మోకాలి కింద తీసేసి నిన్ననే ఇంటికి పంపారంట. సైరన్ మోగింది, జెండా లేపారు, తాళం కూడా దాని టైముకే తెరుచుకుందంట. కాపలావాళ్ళు రోడ్డు మీద బండ్లు ఆపుతున్నారు. తాళం తెరుచుకుందంటే ఆమె బండ చాటుకి పోయినట్టే లెక్క, ఇన్నేళ్ళూ అంతేగా. మరి ఎట్టా అయిందో ఎవరికీ తెలీటంలా అక్కా."

నాకు తెలుసు. లోకంలో నా ఒక్కదానికే తెలుసు. ఓనరు గదిలోకి పోయి ఉన్నదున్నట్టు చెప్పా. ఆయన లేచి తలుపు వేశాడు. "కాగితాల మీద మన తప్పేం లేదమ్మాయ్. అన్ని చోట్లా మూడేగా. నువ్వేమీ రాయమాక, ఎవరికీ చెప్పమాక. ఇప్పుడు మళ్ళీ ఏడు చేస్తే ఎందుకు చేశారని అడుగుతారు. సోమవారం క్వారీ మళ్ళీ తెరుస్తారు, నాలుగు రోజులు గమ్మునుండు." చెడ్డమనిషి కాదు. భయపడ్డాడు. నేనూ భయపడ్డా.

భాయ్ పాత కంప్యూటరు మూలన గోనెసంచి కప్పి ఉంది. దాన్ని పెట్టి చూస్తే ఆ ఫైలు పాతది అట్టాగే ఉంది. "ఇంకెక్కడ మేపమంటావు అంది." మళ్ళీ అదే గొంతు. ఈసారి నవ్వు లేదు దాంట్లో. అప్పట్నుంచే ఈ లెక్కపెట్టడం పట్టుకుంది నాకు.

ఆదివారం బస్సెక్కి బెల్లంకొండ దిగి, ఆటోలో ఆ ఊరు పొయ్యా. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలా, కాలు పోయినామె ఇల్లు అంటే చూపిచ్చారు. రేకుల వసారాలో మంచం మీద కూర్చుని ఉంది పెద్దామె. ఆమె కోడలు మేకలకి నీళ్ళు పెడుతోంది. సైరన్ ఆఫీసు నుంచి వచ్చా అన్నా. కోడలు పైనుంచి కింది దాకా చూసి పీట వేసింది. వయసులో ఉన్నప్పుడు అదే క్వారీలో రాళ్ళు కొట్టేదంట అత్త. ఆ పేలుళ్ళకే చెవులు పొయ్యాయంట. ఇంట్లో వాళ్ళు ఆమెతో చేతుల్తోనే మాట్లాడతారు.

నేనెవరో కోడలు చేతుల్తో చెప్పింది. పెద్దామె గట్టిగా, వినపడని మనుషులు మాట్లాడే గొంతుతో మొదలుపెట్టింది. "తప్పు నాదే తల్లీ. నా నడక తగ్గింది. మీ సాయిబు ఉండేవాడు చూడు, అద్దాలాయన, నా పక్కన వాచీ చూసుకుంటా నడిచాడు ఆ ఎండలో. చెప్పులు తెగి ఉత్తకాళ్ళతో వాగు దాటాడు. సరిపోయిద్ది పెద్దమ్మా అని ఇట్టా చూపిచ్చాడు." ఒక చెయ్యి మొత్తం, రెండో చేతివి రెండు వేళ్ళు పైకెత్తింది. "ఎప్పుడూ సరిపొయ్యేది. మొన్న జెండా లేవంగానే లేచా. ఎక్కడా ఆగలా. మేకలు కూడా మొరాయించలా. అయినా వాగు సగంలోనే పేలింది. ముసల్దాన్నయ్యాగా, ఎంత నిదానంగా నడిచానో ఏమో, నాకే తెలీలా."

ఆమె తనని తనే తిట్టుకుంటోంది.

"అమ్మా, ఆమె తప్పు కాదని చెప్పు" అన్నా కోడలితో. "ఆ టైము తగ్గించింది నేను. ఆమె గురించి ఆయన రాసిపెట్టిందంతా చదివి కూడా చెరిపేసి, ఏడుని మూడు చేశా. ఎందుకని అడిగితే తెలీనట్టు ఊరుకున్నా. అది చెప్పు."

కోడలు చేతులు పైకి లేవలా. బకెట్టు కింద పెట్టి నన్నే చూస్తా నిలబడింది. తిట్టినా బాగుండేది. "నేను చెప్పను. మీరే చెప్పుకోండి" అంది.

ఎట్టా చెప్పాల? తెలుగు ఆమెకి వినపడదు. రాసిస్తే చదవలేదు. నాకొచ్చిన ఇంగ్లీషు ఎందుకూ పనికిరాదు. మంచం ముందు నేల మీద కూర్చున్నా. ఒక చెయ్యి మొత్తం, రెండో చేతివి రెండు వేళ్ళు ఎత్తి చూపిచ్చా. ఆమె తలూపింది. రెండో చేతి వేళ్ళు రెండూ ముడిచా. ఈ చేతివి ఇంకో రెండు ముడిచా. మూడు మిగిలాయి. ఆ చేత్తో నా గుండెల మీద కొట్టుకున్నా. నేను. నేనే.

ఆమె నా వేళ్ళ వంక చూసింది. తర్వాత నా మొహం వంక. లేని కాలు ఉండాల్సిన చోటు వంక కూడా ఒకసారి చూసుకుంది. ఎంతసేపో తెలీదు, అప్పుడొక్కసారే నేను లెక్కపెట్టలా. కొడుద్దేమో అనుకున్నా, కొట్టినా బాగుండు అనుకున్నా. ఆమె ముందుకు వంగి నా చెయ్యి పట్టుకుంది. గరుకు చెయ్యి. నేను ముడిచిన వేళ్ళు ఒక్కోటే పట్టుకుని బలవంతంగా పైకి తీసింది. ఈ చేతివి రెండు. ఆ చేతివి రెండు. ఏడూ నిలబెట్టి, కోడలి వైపు గడ్డంతో చూపిచ్చింది. "రేపట్నుంచి మేకలు అది తోలుకుపోతది" అంది. ఇంకేం అనలా. నన్ను క్షమించిందో లేదో నాకు తెలీదు, అడగలా.

బస్సులో వస్తా ఉంటే చేతి వేళ్ళు నావి కానట్టే ఉన్నాయి. ఆదివారమైనా దిగి నేరుగా ఆఫీసుకి పొయ్యా. తాళం తీసి, కంప్యూటరు పెట్టి, మూడు చెరిపి ఏడు కొట్టా. సోమవారం లోపల సైటులో ఎక్కించమని ఎలక్ట్రీషియన్‌కి పంపా. దాని కింద భాయ్ కామెంటు మొత్తం మళ్ళీ పెట్టా, ఒక్క అక్షరం మార్చకుండా. ఆయన కింద నా మాట తెలుగులోనే రాశా. "ఇది ఒకసారి మూడు చేశా. పెద్దామె కాలు పోయింది. తప్పు ఆమెది కాదు, కాపలావాళ్ళది కాదు, నాది. ఇప్పుడు అక్కడ ఆమె కోడలు మేపుతోంది."

ఇంగ్లీషు ఏం పాపం చేసింది? ఆమె గురించి ఇంగ్లీషులో కూడా రాయొచ్చు. నేను సిగ్గుపడి రాయలా, అంతే. అందుకని ఆయన మాటలూ నా మాటలూ మొత్తం ఇంగ్లీషులో కూడా రాశా, చెవుడు, గుంత, వాగు, వాచీ, ఏదీ వదలకుండా. మేకలు మొరాయిస్తాయి అన్నదానికి మాట తట్టకపోతే, ఒక్కోసారి కదలవు అని రాశా. సరిపోయింది. ఓనరుకీ, హైదరాబాదుకీ పంపేశా. ఉద్యోగం సంగతి తర్వాత చూసుకోవచ్చు అనుకున్నా.

పంపినాక అలవాటు చొప్పున టైము చూశా. ఆ రోజు మీటింగులో నా నోట్లోనుంచి రాని ఆ ఇంగ్లీషు ముక్కలు రాయడానికి నాకు పట్టింది నాలుగు నిమిషాలు.